తొమ్మిది రోజుల్లో శ్రీలంక మొత్తం చుట్టేయొచ్చా?

ప్రశ్న: మాది తణుకండి. సంక్రాంతి సెలవుల్లో శ్రీలంక వెళ్దామనుకుంటున్నాం. నేను, మావారు, పదకొండేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు, మా అత్తయ్యగారు. ఎనిమిది రాత్రులు, తొమ్మిది రోజులు. ట్రావెల్స్ వాళ్ళు ఇచ్చిన ప్లాన్‌లో నెగొంబో, అనురాధపురం, జాఫ్నా, ట్రింకోమలీ, సిగిరియా, క్యాండీ, నువర ఎలియా, ఎల్లా, యాలా సఫారీ, మిరిస్సా, గాలే, కొలంబో అన్నీ ఉన్నాయి. అత్తయ్యగారికి శాంకరీదేవి దర్శనం చేసుకోవాలని ఎప్పటినుంచో కోరిక, కానీ మోకాళ్ళ నొప్పులు, పైగా గుడ్డు కూడా ముట్టరు. మావారికి బీచ్, తిమింగలాలు కావాలి. పిల్లలకి ఏనుగులు. నాకేమో ఆ కొండల్లో వెళ్ళే రైలు. మా ఆడపడుచు మాత్రం "అంత ఖర్చు పెట్టుకుని వెళ్తే అక్కడ ఉండేదీ కొబ్బరి చెట్లే, కోనసీమ చూసినట్టే ఉంటుంది" అంటోంది. ఇంతకీ ఈ ప్లాన్ కుదురుతుందంటారా?

సమాధానం: కుదరదండి. మొహమాటం లేకుండా చెప్పేస్తున్నా. ఆ ప్లాన్ రాసినాయన మ్యాప్ మీద చుక్కలు పెట్టి గీత కలిపేశాడు గానీ ఆ దారిలో ఆరేళ్ళ పిల్లాడూ మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడా వస్తున్నారని ఒక్క క్షణం ఆలోచించలేదు. ఎనిమిది రాత్రుల్లో పన్నెండు ఊళ్ళంటే రోజూ పొద్దున్నే పెట్టెలు సర్దడం, రాత్రికి ఇంకో హోటల్లో విప్పడం, మధ్యలో బాబు వ్యాన్లో "ఇంకెంత దూరం" అని అడగడం, అంతే, ఇంకేం మిగలదు.

ఎక్కువమంది బోల్తా పడేది సైజు దగ్గర. దేశం మొత్తం కలిపి 65,610 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో సగం కంటే కాస్త ఎక్కువ, పైనుంచి కిందకి 430 కిలోమీటర్లు, మీరు తణుకు నుంచి హైదరాబాద్ వెళ్ళినంత దూరంలో దేశం అయిపోతుంది, దాంతో "ఓస్ ఇంతేనా" అనిపిస్తుంది. కానీ కొలంబో నుంచి గాలే, హంబన్‌తోట వైపు వెళ్ళే ఎక్స్‌ప్రెస్‌వే లాంటివి ఒకటి రెండు తీసేస్తే మిగతావన్నీ ఊళ్ళ మధ్యలోంచి పోయే రోడ్లే, ముందు ఆటో, వెనక హారన్ కొడుతూ బస్సు, కొండల్లోకి వెళ్తే మలుపు తర్వాత మలుపు. గంటకి 35, 40 కిలోమీటర్లు లెక్క వేసుకోండి, అంతకంటే ఎక్కువ ఆశ పెట్టుకోకండి. క్యాండీ నుంచి నువర ఎలియా 80 కిలోమీటర్లు కూడా ఉండదు, రెండున్నర మూడు గంటలు పడుతుంది, వాంతులయ్యే పిల్లలుంటే ఇంకో అరగంట.

రెండోది గాలి సంగతి, ఇది మీ ట్రావెల్స్ వాళ్ళు అసలు చెప్పనే లేదు చూశారా. దీవి మధ్యలో కొండలున్నాయి, 2,524 మీటర్ల పిదురుతలగల దాకా లేచి గోడలా నిలబడతాయి. మే నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలి వచ్చి ఆ గోడకి పడమర, దక్షిణం వైపు కురుస్తుంది, అప్పుడు తూర్పు తీరం ఎండగా, సముద్రం ప్రశాంతంగా ఉంటుంది. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య గాలి, అప్పుడు సీన్ రివర్స్, తూర్పు, ఉత్తరం తడుస్తాయి, గాలే, మిరిస్సా వైపు ఎండ. అక్టోబర్, నవంబర్‌లో ఎక్కడైనా సాయంత్రానికి ఉరుములూ వానలే, తుఫాన్లు కూడా అప్పుడే. అందుకే శ్రీలంకకి ఏ నెల మంచిది అని ఎవరన్నా అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తా, ఏ పక్కకి వెళ్తారు అని. ఏడాది పొడుగునా ఏదో ఒక పక్క బాగానే ఉంటుంది, కానీ రెండు పక్కలా ఒకేసారి బాగుండటం అరుదు, కాబట్టి ఒకే ట్రిప్పులో దీవి చుట్టూ తిరిగేస్తామంటే సగం తీరం వానలోనో గొడుగు కిందో చూడాల్సిందే. మీది జనవరి. కాబట్టి సముద్రంలో దిగడం, పడవ ఎక్కడం దక్షిణంలో. ట్రింకోమలీ అత్తయ్యగారి శాంకరీదేవి దర్శనం వరకే, అక్కడి బీచ్ మీద ఆశ వద్దు.

ఇప్పుడు మీ ఆడపడుచు గారి మాట. ఆవిడ పూర్తిగా తప్పేం కాదండోయ్. ఎయిర్‌పోర్ట్ దిగి కురునేగల వైపు వెళ్తుంటే మొదటి రెండు గంటలూ కొబ్బరి తోటలు, మధ్యలో వరి మళ్ళు, అరటి, ఇళ్ళ ముందు మందారాలు, మీ అత్తయ్యగారు కూడా "ఇది మన అమలాపురం రోడ్డే కదా" అనొచ్చు. దంబుల్లా దాటాక మాత్రం కొబ్బరి పలచబడి నేల ఎర్రగా ఎండిపోయినట్టు కనిపిస్తుంది, పొదల అడవి, అందులో హఠాత్తుగా సముద్రమంత చెరువు, గట్టు మీద తెల్లమద్ది చెట్లు. దేశంలో కొండలకి పడమటి వాలులో ఏడాదికి ఐదు వేల మిల్లీమీటర్ల పైన కురిసే చోట్లున్నాయి, ఆగ్నేయ మూల, వాయవ్య మూల వెయ్యి కూడా కురవని చోట్లున్నాయి. ఆ తేడా వల్లే పంట, ఇల్లు, తిండి, చివరికి గుడి కట్టే తీరు కూడా మారిపోతుంది. అది కంటికి ఆనాలంటే ప్రతి ప్రాంతంలో కనీసం ఒక పూట కదలకుండా కూర్చోవాలి. అందుకే నేను చెప్పేది, జాఫ్నా, అనురాధపురం, యాలా, కొలంబో, ఈ నాలుగూ కొట్టేయండి, నెగొంబో కూడా ఫ్లైట్ రాత్రి దిగితేనే ఉంచండి. మిగిలిన వాటిని మూడు ముక్కలు చేసుకోండి. చెరువుల నేలకి మూడు రాత్రులు, క్యాండీతో కలిపి కొండలకి మూడు, దక్షిణ తీరానికి రెండు.

చెరువుల నేలలో సిగిరియా, హబరణ మధ్య ఎక్కడో ఒక చోట దిగి మూడు రాత్రులూ అక్కడే ఉండండి, హోటల్ మార్చొద్దు. ఎయిర్‌పోర్ట్ నుంచి నాలుగు గంటలు. సిగిరియా రాయి ఎక్కాలంటే 1,200 మెట్లు, అత్తయ్యగారు వద్దు, పాప ఎక్కేస్తుంది, బాబు సగం ఎక్కి మీ వారి భుజం మీదకి చేరతాడు. గేటు తెరిచే టైముకే ఉండాలి, తొమ్మిది దాటితే ఆ ఇనుప మెట్ల మీద క్యూ కదలదు, ఎండ నెత్తి మీద. ఐదో శతాబ్దంలో కశ్యపుడు తండ్రిని చంపి సింహాసనం ఎక్కి, తమ్ముడు సైన్యంతో వస్తాడన్న భయంతో ఈ రాయి మీద కోట కట్టాడని చెబుతారు, ఆ కథ పిల్లలకి కిందే చెప్పేయండి, పైన ఊపిరి అందదు. సింహం పంజాల దగ్గర కందిరీగల గురించి బోర్డులుంటాయి, నవ్వుకుని వదిలేయకండి, నిజంగానే రాతికి పెద్ద పెద్ద తుట్టెలు వేలాడుతుంటాయి, అక్కడ అరుపులు, కేకలు పెట్టకూడదు, పిల్లలకి ముందే చెప్పండి. ఇంకోటి, సార్క్ దేశాల వాళ్ళకి, అంటే మనతో కలిపి దక్షిణాసియా వాళ్ళకి, టికెట్ తక్కువ, కౌంటర్లో పాస్‌పోర్ట్ చూపించాలి, హోటల్ లాకర్లో పెట్టి వచ్చామంటే ఫారినర్ రేటే కట్టాలి. అత్తయ్యగారు ఈలోపు కింద నీటి తోటల్లో తిరగొచ్చు, చదునుగా ఉంటుంది, నీడ కూడా ఉంది, మ్యూజియం కూడా కిందే.

అదే రోజు మధ్యాహ్నం కునుకు తీసి మూడింటికి పొలొన్నరువా వెళ్ళండి. దంబుల్లా గుహలు బాగుంటాయి గానీ కొండెక్కాలి, మోకాళ్ళకి పొలొన్నరువానే నయం. చోళులు 993లో అనురాధపురాన్ని కొల్లగొట్టాక రాజధాని ఇక్కడికి మారింది, వాళ్ళ కాలం నాటి శివాలయం ఒకటి ఇప్పటికీ రాళ్ళు కదలకుండా నిలబడి ఉంది, తర్వాత 12వ శతాబ్దంలో పరాక్రమబాహు తవ్వించిన పరాక్రమ సముద్రం ఊరి పక్కనే, పేరుకి చెరువు గానీ అవతలి గట్టు కనపడదు. గల్ విహార దగ్గర ఒకే రాతిలో చెక్కిన బుద్ధుళ్ళు, పడుకున్న విగ్రహం తల కింద దిండు ఉంటుంది చూడండి, తల బరువుకి దిండు నొక్కుకుపోయిన గుంట కూడా చెక్కాడు మహానుభావుడు, గైడ్లు చూపించకపోతే మీరే పాపకి చూపించండి. చెప్పులు విప్పాలి, రాయి సాయంత్రం దాకా కాలుతూనే ఉంటుంది, అందరికీ పాత సాక్సులు ఒక్కో జత బ్యాగులో పడేసుకోండి. బుద్ధుడికి వీపు పెట్టి సెల్ఫీ దిగకూడదు, అక్కడ వాళ్ళు నిజంగా బాధపడతారు, గార్డులు మందలిస్తారు కూడా. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు ఇక్కడ అందరికీ కావాలి, మీ వారి షార్ట్స్ బీచ్‌కి దాచమనండి.

మూడో రోజు అత్తయ్యగారిది. హబరణ నుంచి ట్రింకోమలీ 90 కిలోమీటర్ల లోపే, సిగిరియా దగ్గర ఉంటే వంద దాకా వేసుకోండి, రోడ్డు బాగుంటుంది, రెండు గంటల పైన పడుతుంది, అడవిలోంచి దారి, పొద్దున్నే అయితే రోడ్డు పక్క ఏనుగు కనిపించే ఛాన్సు కూడా ఉంది, కనిపిస్తే కారు దిగొద్దు, తిండి అసలే పెట్టొద్దు. ఆరున్నరకల్లా బయల్దేరితే మధ్యాహ్నం గుడి మూసేలోపు తీరిగ్గా దర్శనం అవుతుంది. అష్టాదశ శక్తిపీఠాల శ్లోకం లంకతోనే మొదలవుతుంది కదా, మీకు పిఠాపురం, ద్రాక్షారామం ఎలాగూ పక్కనే, కాబట్టి అత్తయ్యగారి మనసు నాకు అర్థమవుతోంది. శాంకరీదేవి సన్నిధి విడిగా ఎక్కడో కాదు, కోనేశ్వరం శివాలయం ఆవరణలోనే ఉంది, గుడి ఏమో ఫోర్ట్ ఫ్రెడరిక్ అనే పాత కోట లోపల, స్వామి రాక్ అనే కొండ అంచున, కింద సముద్రం. పాత గుడిని 17వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ళు పడగొట్టారు, ఇప్పుడున్నది తర్వాత కట్టింది, కాబట్టి మన ద్రాక్షారామంలా నల్లరాతి స్తంభాలు ఊహించుకుని వెళ్తే కాస్త నిరాశ, ఆ చోటు మాత్రం అద్భుతం. కోట దారిలో చుక్కల జింకలు మేకల్లా తిరుగుతుంటాయి, బాబు అక్కడే ఆగిపోతాడు. గుడి వెనక కొండ అంచున చెట్టుకి చిన్న చిన్న చెక్క ఉయ్యాలలు కట్టి ఉంటాయి, పిల్లల కోసం మొక్కుకున్న వాళ్ళు కట్టినవి, సముద్రం గాలికి అవి ఒకదానికొకటి తగిలి టకటకమంటుంటాయి. వాహనం గుడి దాకా వెళ్తుందో లేదో ఆ రోజు గేటు దగ్గర అడగండి, రద్దీని బట్టి ఉంటుంది, ఆటోలు దొరుకుతాయి. జనవరి కాబట్టి గొడుగు, వాన పడితే పడనీయండి, దర్శనానికి వానేం అడ్డు. అక్కడి నీలావెలి బీచ్, పిజియన్ ఐలాండ్ ఫోటోలు చూసి మీ వారు ఊరిస్తారు, అవి మే నుంచి సెప్టెంబర్ సరుకు, ఇప్పుడు సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, పిల్లల్ని దించకండి.

హబరణలో ఏనుగు మీద ఎక్కిస్తామని పిలుస్తారు, వద్దు. సఫారీ కూడా ఇక్కడ వద్దు. మిన్నేరియా చెరువు దగ్గర వందల ఏనుగులు చేరేది ఆగస్టు, సెప్టెంబర్‌లో, చెరువు తగ్గి ఆ నేలలో గడ్డి మొలిచినప్పుడు. జనవరిలో చెరువు నిండుకుండ, గడ్డి లేదు, గుంపూ లేదు. పిల్లల ఏనుగుల సంగతి కింద చెప్తా.

క్యాండీ ఒక రాత్రి చాలు. సాయంత్రం పూజ వేళకి బుద్ధుడి దంతం ఉంచిన దంతధాతువు గుడికి వెళ్ళండి, డప్పులు, తెల్లబట్టల్లో జనం, తామరలు, నీలి కలువలు పళ్ళాల్లో పెట్టుకుని క్యూలో నుంచుంటారు. దంతం మాత్రం కనపడదు, బంగారు పేటిక తలుపు తీసినప్పుడు ఒక్క నిమిషం చూసి కదలాలి. నాకు క్యాండీలో ఎక్కువ ఇష్టమైంది వేరే ఉంది. గుడి ముందున్న ఆ చెరువు తవ్వించింది శ్రీ విక్రమ రాజసింహుడు, క్యాండీ చివరి రాజు, మదురై నాయకుల బంధువర్గం నుంచి వచ్చిన తెలుగు మూలాలున్న వంశం వాళ్ళది, 1739 నుంచి ఆ గద్దె మీద ఉన్నారు. 1815లో బ్రిటిష్ వాళ్ళు పట్టుకుని వెల్లూరు కోటకి తీసుకుపోయారు, 1832లో అక్కడే పోయాడు. అంటే సింహళ దేశపు ఆఖరి రాజు మన పక్కింటాయన లాంటి వాడే, కానీ ప్యాకేజీ గైడ్లు ఈ ముక్క చెప్పరు. తెలుగు మాట వచ్చింది కాబట్టి ఇంకోటి, అనురాధపురం వైపు కుడాగమ లాంటి ఊళ్ళలో అహికుంటికలనే వాళ్ళున్నారు, ఒకప్పుడు పాములాడించి, కోతులాడించి, సంచారం చేసి బతికిన వాళ్ళు, ఇళ్ళలో ఇప్పటికీ ఒక రకం తెలుగు మాట్లాడతారు. దారిలో తగిలితే తెలుగులో పలకరించండి. చూడ్డానికని పనిగట్టుకుని వాళ్ళ ఊరికి కారేసుకుని వెళ్ళడం మాత్రం నాకు నచ్చదు.

కొండలు. మీ రైలు. అందరూ క్యాండీ నుంచి ఎల్లా దాకా ఆరేడు గంటల రైలు అంటారు, మీకది వద్దు, బాబు మూడో గంటకే మారాం మొదలెడతాడు. క్యాండీ నుంచి నువర ఎలియాకి కార్లోనే వెళ్ళండి, ఎలాగూ దారంతా టీ తోటలే, ఫ్యాక్టరీ దగ్గర ఆగొచ్చు, ఆకు వాడ్చే పై అంతస్తులోకి వెళ్తే పచ్చి వాసన, కోసిన గడ్డికీ పండిన యాపిల్‌కీ మధ్యలో ఏదో, అది పొడి చేశాక పోతుంది, అక్కడే పీల్చుకోవాలి. ఇక్కడ ముందు కాఫీ ఉండేది, తెగులొచ్చి తోటలు నాశనమయ్యాక టీ నిలబడింది, 1867లో జేమ్స్ టేలర్ అనే స్కాట్లండ్ ఆయన లూలెకొండెర తోటలో మొదలెట్టాడు. కోసేది మాత్రం తమిళ దేశం నుంచి బ్రిటిష్ వాళ్ళు తీసుకొచ్చిన కూలీల సంతానం, 1948లో స్వతంత్రం వచ్చిన ఏడాదే చట్టం చేసి వాళ్ళలో లక్షల మందికి పౌరసత్వం లేకుండా చేశారు, సర్దుబాటు కావడానికి దశాబ్దాలు పట్టింది. ఆకు కోసే ఆవిడ ముందు ఫోన్ పెట్టేసే ముందు ఒక మాట అడగండి, తూకం బట్టి కూలి వాళ్ళది, మీ ఫోటో కోసం ఆగిన ప్రతి నిమిషం వాళ్ళకి నష్టమే.

నువర ఎలియా 1,868 మీటర్ల ఎత్తు, జనవరి రాత్రి పది డిగ్రీల కిందకి దిగుతుంది, ఒక్కోసారి తెల్లారేసరికి గడ్డి మీద మంచు గడ్డకడుతుంది. చాలా హోటళ్ళలో హీటర్ ఉండదు, అత్తయ్యగారి రూముకి హీటర్, వేడి నీళ్ళు ఉన్నాయో లేదో బుక్ చేసేటప్పుడే రాసి తీసుకోండి. ఊరికి దగ్గర్లో సీతా ఎలియాలో వాగు పక్కనే సీతమ్మ గుడి ఉంది, రోడ్డు మీదే, మెట్లు తక్కువ, పొద్దున్నే పది నిమిషాల్లో అయిపోతుంది. అది చూసుకుని నాను ఓయా స్టేషన్ వెళ్ళి రైలెక్కండి. అక్కడి నుంచి ఎల్లా రెండున్నర, మూడు గంటలు, అసలైన అందం అంతా ఈ ముక్కలోనే ఉంది. 1,898 మీటర్ల దగ్గర పట్టిపొల, దేశంలో అన్నిటికంటే ఎత్తైన స్టేషన్, అక్కడి నుంచి ఒహియా వైపు సొరంగాల్లోంచి దిగుతుంటే ఈ పక్క మబ్బు, ఆ పక్క ఎండ ఉండటం మామూలే. ఇందాక గోడ అన్నానే, ఆ గోడ దాటేది ఇక్కడే. టీ వాసన పోయి యూకలిప్టస్ వాసన, హపుతలే దగ్గర కిటికీలోంచి చూస్తే నేల ఎక్కడో కింద దక్షిణం మైదానాల దాకా జారిపోతుంది. రైలు గంటకి పాతిక కిలోమీటర్ల వేగమే, అయినా ఆ డోర్లో వేలాడి రీల్స్ తీసే వాళ్ళని చూసి పాప అడుగుతుంది, ఒప్పుకోకండి, సొరంగం గోడలు, కొమ్మలు మరీ దగ్గరగా వస్తాయి. ఒక మాట గుర్తుపెట్టుకోండి, 2025 నవంబర్ చివర్లో వచ్చిన దిత్వా తుఫానుకి ఈ కొండల్లో చరియలు విరిగి రోడ్లు, రైలు పట్టాలు బాగా దెబ్బతిన్నాయి, కాబట్టి ఏ ముక్కలో రైలు నడుస్తోందో కనుక్కున్నాకే హోటళ్ళు ఖాయం చేయండి, రైలు లేకపోతే అదే దారి కార్లో రెండు గంటలు.

ఎల్లాలో ఒక రాత్రి. తొమ్మిది ఆర్చీల వంతెన 1921లో ఇటుక, రాయి, సిమెంటుతో కట్టింది, ఉక్కు వాడలేదు, రైలు వచ్చే టైముకి జనం జాతరలా చేరతారు, అత్తయ్యగారు ఎదురుగా ఉన్న టీ కొట్టులో కూర్చుని చూడొచ్చు. ఊరు మాత్రం ఇప్పుడు కేఫ్‌లూ లైట్లూ అయిపోయింది, నాకంతగా ఎక్కదు, హపుతలే ఇంకా నయం, కానీ పిల్లలతో ఎల్లానే సులువు.

ఏడో రోజు కొండ దిగుతారు, ఇక్కడ వస్తాయి పిల్లల ఏనుగులు. యాలా చిరుతల కోసం, అక్కడ ఒక్క చిరుత తోక కోసం ముప్పై జీపులు గుమిగూడతాయి, ఆరేళ్ళ పిల్లాడికి అది దుమ్ము తప్ప ఇంకేం కాదు. దారిలోనే ఉడవలవే ఉంది, చెరువు చుట్టూ గడ్డి మైదానం, ఏనుగులు ఏడాది పొడుగునా కనిపిస్తాయి, మధ్యాహ్నం సఫారీ చేసి, వీలైతే పక్కనే ఉన్న ట్రాన్సిట్ హోమ్‌లో తల్లి లేని గున్నలకి పాలు పట్టే టైముకి వెళ్ళండి, ముట్టుకోనివ్వరు, దూరం నుంచి చూడటమే, పెద్దయ్యాక వాటిని అడవిలో వదిలేస్తారు కాబట్టి అదే పద్ధతి. రాత్రికి మిరిస్సా, వెలిగమ ప్రాంతానికి చేరొచ్చు.

దక్షిణం గురించి ఎక్కువ చెప్పను, బీచ్ బీచే. తిమింగలాలకి మాత్రం జనవరి సరైన టైము, నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా సీజను, భూమ్మీద అన్నిటికంటే పెద్ద జంతువు నీలి తిమింగలం తీరానికి ఇంత దగ్గరగా తిరిగే చోట్లు తక్కువ. తెల్లారి ఆరు, ఆరున్నరకి పడవ, నాలుగైదు గంటలు, సగంమంది కవర్లు పట్టుకుని కూర్చుంటారు. మీ వారూ పాపా వెళ్ళనివ్వండి, వాంతులు రాకుండా మాత్ర ముందు రోజే డాక్టర్ని అడిగి తీసుకెళ్ళండి. కనిపించిన తిమింగలం మీదకి పడవ తోలకుండా దూరంగా ఆపేవాళ్ళనే ఎంచుకోండి. మీరూ అత్తయ్యగారూ బాబూ ఈలోపు గదిలో పడుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు. సాయంత్రం గాలే కోట, డచ్చి వాళ్ళ ప్రాకారం మీద ఐదింటికి నడక మొదలెడితే సూర్యాస్తమయానికి ఒక చుట్టు అవుతుంది, పక్కనే క్రికెట్ స్టేడియం, మీ వారు టీవీలో చూసిందే. 2004 సునామీలో కోట బయట ఊరంతా కొట్టుకుపోతే ఈ గోడలు లోపలి ఇళ్ళని చాలావరకు కాపాడాయి. సముద్రంలో కర్రల మీద కూర్చుని చేపలు పట్టేవాళ్ళు దారిలో కనిపిస్తారు, ఇప్పుడు చాలావరకు ఫోటోకి డబ్బులే, ముందే రేటు మాట్లాడుకోండి. చివరి రోజు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే రెండున్నర, మూడు గంటల్లో ఎయిర్‌పోర్ట్.

జాఫ్నా కొట్టేయమన్నందుకు బాధగా ఉంది, నిజానికి మీలాంటి వాళ్ళకి బాగా నచ్చేది అదే. తాటిచెట్ల నేల, తేగలు ఎండబెట్టి పిండి చేసి గంజి కాచుకుంటారు, నల్లూరు కందస్వామి గుడిలో మగవాళ్ళు చొక్కా విప్పి వెళ్ళాలి, పడవెక్కితే నైనాతీవులో నాగపూషణి అమ్మవారు. దానికి విడిగా నాలుగు రోజులు, ఆగస్టులో, నల్లూరు ఉత్సవాల టైములో పెట్టుకోండి. అప్పుడు ట్రింకో బీచ్ కూడా కలిసొస్తుంది. నాగపట్నం నుంచి కాంకేసంతురైకి పడవ సర్వీసు కూడా ఉంది, వాతావరణం బాగోకపోతే ఆపేస్తారు, దాని మీద పూర్తిగా ఆధారపడొద్దు.

అత్తయ్యగారి భోజనం. అన్నం, పప్పు, నాలుగైదు కూరలు ఎక్కడైనా దొరుకుతాయి, కొబ్బరిపాలతో పప్పు, పనస కూర, బీట్‌రూట్, ములక్కాడ, ఆప్పాలు, ఇడియాప్పం. ప్రమాదం పచ్చడి దగ్గర. పోల్ సంబోల్ అని కొబ్బరి పచ్చడి వేస్తారు, చూడ్డానికి మన కొబ్బరి కారంలాగే ఉంటుంది, అందులో చాలాచోట్ల ఉంబలకడ అనే ఎండుచేప పొడి కలుపుతారు, వెజ్ అని చెప్పినా వేసేస్తారు, ఎందుకంటే వాళ్ళ లెక్కలో అది మసాలా. ఎర్రగా ఉండే లునుమిరిస్ అనే కారం కూడా అంతే. "మస్ మాళు ఎపా, ఉంబలకడ ఎపా", అంటే సింహళంలో మాంసం, చేప వద్దు, ఉంబలకడ వద్దు అని, రెండూ విడివిడిగా చెప్పాలి. నమ్మకం లేకపోతే ట్రింకో, క్యాండీ, నువర ఎలియాలో తమిళుల శాకాహార హోటళ్ళున్నాయి, దోసె, ఇడ్లీ, సాంబారు. గేదె పెరుగు మట్టి మూకుడులో, దాని మీద జీలుగు చెట్టు పాకం పోసి ఇస్తారు, ఇది మాత్రం ఆవిడ చేత తినిపించండి, దక్షిణంలో రోడ్డు పక్కన వరసగా అమ్ముతారు. పౌర్ణమి ప్రతి నెలా సెలవు, ఆ రోజు మందు అమ్మరు, గుళ్ళు కిటకిటలాడతాయి, మీ తేదీల్లో పౌర్ణమి పడితే ఆ రోజు క్యాండీలో లేకుండా చూసుకోండి.

డ్రైవర్‌తో వ్యాన్ తొమ్మిది రోజులకీ ఒకటే మాట్లాడుకోండి, రైలెక్కిన రోజు ఆయన సామాన్లతో ఎల్లాకి ముందే వచ్చేస్తాడు. డ్రైవర్ బసకి చాలా హోటళ్ళలో గది ఇస్తారు, ఇవ్వని చోట ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోండి. వీసా రూల్స్ మారుతుంటాయి, ప్రభుత్వ ఈటీఏ (ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి) సైట్‌లో మాత్రమే అప్లై చేయండి, దాన్ని పోలిన సైట్లు చాలా ఉన్నాయి.

రైలు రిజర్వేషన్ ప్రయాణానికి నెల రోజుల ముందు తెరుస్తారు, నాను ఓయా నుంచి ఎల్లా సీట్లు పండగ సీజన్‌లో నిమిషాల్లో అయిపోతాయి. మీ రైలు తేదీ జనవరి రెండో వారం అనుకుంటే డిసెంబర్ రెండో వారంలో పొద్దున్నే ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. దొరక్కపోతే రిజర్వేషన్ లేని మూడో క్లాసు ఉంటుంది, నాను ఓయాలో సగం జనం దిగుతారు కాబట్టి సీటు దొరికే అవకాశం ఉంది, ముందు మీ వారిని ఎక్కించి అత్తయ్యగారికి కిటికీ పక్క చోటు పట్టమనండి.